ఏం కాదమ్మా

ఇరవై రెండేళ్లుగా
నాలుగు చక్రాల మీద తోటను తోసుకుంటూ తిరుగుతున్నా.
బ్రాడీపేట లైన్లన్నీ నా కాళ్లకు కంఠతా వచ్చు.
గేటు తీసినవాళ్లు అడిగేవి అవే మాటలు:
పూస్తుందా, ఎండకు ఆగుతుందా,
ఏ మూల పెడితే ఇంటికి మంచిది,
ఇంకో యాభై తగ్గించవూ.

మొన్న హైమవతి మేడం కొత్తగా అడిగింది:
"సైదులూ, దీన్ని కుక్క తింటే ఏమన్నా అవుద్దా?"

ఆమె వేలు తూజా మొక్క మీద.
కడియం లారీలో తాళ్లు బిగించుకొని వచ్చింది,
కోన్ ఐస్‌క్రీమ్ బోర్లించినట్టు నిలబడింది.
చిన్నప్పుడు మేం విద్యాకు అనేవాళ్లం.
పుస్తకంలో దాస్తే చదువొస్తుందని
ఎక్కాల పుస్తకం నిండా పెట్టాను.
ఆకులు నిలిచాయి,
పదమూడో ఎక్కం నిలవలేదు.

ఆమె చీర కుచ్చిళ్ల పక్కనుంచి ఒక ముక్కు బయటికొచ్చింది.
పేరు జున్ను. ఎనిమిది నెలల కుర్రాడు.
చెప్పులూ, సోఫా మూలా, కట్టని కరెంటు బిల్లూ
అన్నీ రుచి చూశాడంట.

"ఏం కాదమ్మా" అన్నాను.
తెలిసి కాదు.
తెలియదంటే బేరం పోతుందని.
మూడొందల యాభై, జేబులో మడత పెట్టాను.

ఆ రాత్రి గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగింది.
ఊరంతా తుమ్మి పడుకుంది, నాకు నిద్ర రాలేదు.
బండి దగ్గరికెళ్లి ఒక రెమ్మ తుంచి నమిలాను.
కర్పూరం, వార్నీషు, ఆ వెనకాల చేదు.
ఉమ్మేసి, బండి కింద నల్లోడికి చూపించాను.
వాడు వాసన చూసి, నన్ను చూసి,
అవతలి చక్రం దగ్గరికెళ్లి పడుకున్నాడు.
అదీ జవాబు కాదు.
ఆకలేసిన కుక్కకు ఏది తినకూడదో తెలుసు,
ఊసుపోని కుక్కకు ఎట్టా తెలుస్తుంది?

పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ దైవసహాయం
సూదులు సర్దుకుంటూ చెప్పాడు:
"కాస్త నమిలితే కక్కుకుంటది.
బాగా మేస్తే వణుకొస్తది, అప్పుడు ఆటో ఎక్కించి తీసుకురమ్మను.
అయినా మొక్కలవాడివి,
గన్నేరు సంగతి ఎప్పుడన్నా అడిగావా నన్ను?
నాలుగాకులు చాలు, గుండె పట్టేసుద్ది.
పోయిన వేసవిలో ఒక పాడి గేదె..."
మిగతాది చెప్పకుండా ట్రే మూత పెట్టాడు.

పచ్చగన్నేరు పప్పు సంగతి ఊరందరికీ తెలుసు,
అది మనుషుల గొడవ.
ఎర్రదీ, తెల్లదీ, గులాబీదీ
నేను అమ్మినవి లెక్క లేదు.
దేవుడి పువ్వు కదా,
దాన్ని గురించి ఎవరు అనుమానంగా అడుగుతారు?

తొమ్మిది రోజులు నాలుగో లైను మానేశాను.
అరండల్‌పేట చుట్టూ తిరిగాను,
ఎవరో పిలిచినట్టు, ఎవరూ పిలవకుండానే.

పదోరోజు వెళ్తే
తూజా కింద సగం ఇటుకరంగులో మాడిపోయి ఉంది.
"రోజూ దానిమీదే కాలెత్తుతున్నాడు" అంది మేడం నవ్వుతూ,
"మావాడికి నీ మొక్క విషమా అని అడిగాను గానీ,
నీ మొక్కకు మావాడు విషమని తెలీలేదు."
నేనూ నవ్వాను.
చుట్టూ రెండు వరసలు ఇటుకలు పేర్చమన్నాను,
పొద్దున్నే బకెట్టు నీళ్లు కుమ్మరించమన్నాను.
తెలిసినవన్నీ గబగబా చెప్పాను.

గేటు పక్కన ఎర్ర గన్నేరు.
ఆరేళ్ల కిందట గొయ్యి తవ్వి, చివికిన పేడ వేసి
ఈ చేతులతోనే పాతాను.
ఇప్పుడు పిట్టగోడ దాటింది, విరగబూసింది.
మేడం వాళ్ల అత్తగారు కొమ్మ వంచి
సజ్జలోకి పూలు కోస్తోంది.
ఆ నీడలోనే జున్ను, పొట్ట నేలకానించి.
ఒక ఆకు వాడి చెవిమీద రాలింది.
చెవి విదిలించాడు,
ఆకు మూతి ముందు పడింది.

"అమ్మా, ఒక్క మాట" అన్నాను.

"ఎంతకి?" అంది పెద్దావిడ
తల తిప్పకుండానే.